థార్, జిప్సీ హెడ్‌లైట్లకు ఎల్ఈడీ: బల్బు కొనేముందు చూడాల్సిన లెక్కలు

రాత్రిపూట ఘాట్ దారిలో ముందు ఏముందో సరిగా కనిపించడం లేదంటే చాలు, నలుగురూ ఇచ్చే సలహా ఒకటే: ‘ఎల్ఈడీ వేసెయ్’. 2010 నుంచి 2020 వరకు వచ్చిన పాత థార్‌కూ, మారుతి జిప్సీకీ ఈ సలహా మరీ ఎక్కువ. రెండింటికీ ముందు ఉండేవి ఏడు అంగుళాల గుండ్రటి లైట్లు, లోపల హెచ్4 రకం హాలోజన్ బల్బులు, అంటే డిమ్, బ్రైట్ రెండూ ఒకే బల్బులో ఉండేవి. ఆ సైజు ఎల్ఈడీ జత ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతుంది, బిగించడానికి అరగంట చాలు. ఇంటి గోడ మీద కొట్టి చూస్తే తెల్లగా మెరిసిపోతుంది కూడా. అసలు సంగతి మొదటి ఘాట్ ప్రయాణంలో బయటపడుతుంది. టైరు ముందు ఇరవై అడుగులు పట్టపగలులా ఉంటాయి, మలుపు అవతల గుంత మాత్రం మునుపటికన్నా ఆలస్యంగా కంటబడుతుంది. ఎదురొచ్చే ప్రతి లారీ డిప్పర్ కొడుతుంది.

అన్ని ఎల్ఈడీలూ ఇలాగే ఉంటాయని కాదు. బాగా కుదిరిన బల్బు బాగానే పనిచేస్తుంది. అయితే ‘ఎల్ఈడీ వేశాక రాత్రికి రాత్రి మారిపోయింది’ అని సంబరపడే చాలా బండ్లలో జరిగింది వేరు. పాత హాలోజన్‌కు ఏళ్లుగా సరిపడా కరెంటు అందలేదు. ఎల్ఈడీ ఆ లోటును దాటవేసింది. కాబట్టి పని మొదలుపెట్టాల్సింది మల్టీమీటరుతో.

హోల్డరు దగ్గర ఎన్ని వోల్టులు?

హెచ్4 బల్బు మీద 60/55 అని ముద్రించి ఉంటుంది. బ్రైట్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. యూరప్ ప్రమాణం ప్రకారం 13.2 వోల్టులు అందినప్పుడు ఆ బల్బు బ్రైట్‌లో సుమారు 1650, డిమ్‌లో సుమారు 1000 ల్యూమెన్లు (బల్బు చిమ్మే మొత్తం వెలుగుకు కొలత) ఇవ్వాలి. ఇక్కడ కిటుకు ‘13.2 వోల్టులు అందినప్పుడు’ అన్న మాటలో ఉంది. ఫిలమెంటు బల్బులో వోల్టేజీ కొంచెం తగ్గితే కాంతి చాలా తగ్గుతుంది. వోల్టేజీ నిష్పత్తిని దాదాపు 3.4వ ఘాతానికి పెంచితే కాంతి నిష్పత్తి వస్తుంది. 13.2 బదులు 11.5 వోల్టులే చేరితే వెలుగు 63 శాతానికి పడిపోతుంది. అదే హోల్డరు దగ్గర 11.8 ఉన్నదాన్ని 13.5కు తెస్తే, బల్బు మార్చకుండానే వెలుగు ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

పాత బండ్లలో ఈ నష్టం ఎక్కడ జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. బ్యాటరీ నుంచి కరెంటు డాష్‌బోర్డు వెనక స్విచ్చికి వెళ్లి, అక్కడి నుంచి డిమ్-బ్రైట్ స్విచ్చికి వెళ్లి, నాలుగైదు కప్లర్లు దాటి, సన్నటి వైరు మీద ముందుకు వస్తుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు సుమారు 23 మిల్లీఓముల నిరోధం ఉంటుంది. మూడు మీటర్ల వైరులో 10 ఆంపియర్లు పారితే 0.7 వోల్టు వైరులోనే ఆవిరి. దానికి తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, కాలి నల్లబడిన స్విచ్చి కాంటాక్టులు తోడైతే ఒకటిన్నర వోల్టు పోవడం పెద్ద వింతేమీ కాదు.

కొలిచే పద్ధతి ఇది. ఇంజిన్ స్టార్ట్ చేసి కాస్త రేస్‌లో, 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచాలి. డిమ్ వేసి, బల్బు వెలుగుతుండగానే కొలవాలి. హోల్డరు తీసేసి ఖాళీ పిన్నుల మధ్య కొలిస్తే బ్యాటరీ వోల్టేజీయే కనబడి మోసం చేస్తుంది. ఎందుకంటే కరెంటు పారనప్పుడు వైరులో నష్టమే ఉండదు. మీటరు ఎర్ర ప్రోబును బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ప్రోబును హోల్డరు వెనక నుంచి డిమ్ పిన్నుకు ఆనించాలి. వచ్చిన అంకె ప్లస్ దారిలోని నష్టం. అలాగే హోల్డరు ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలిస్తే ఎర్త్ దారి నష్టం తెలుస్తుంది. రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంటే వైరింగ్ బాగున్నట్టే. ఒక వోల్టు దాటితే బల్బు సంగతి తర్వాత, ముందు వైరింగు.

దానికి మందు రిలే, అంటే చిన్న కరెంటు సైగతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్చి. డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి, నాలుగు పిన్నుల 12 వోల్టుల రిలేలు రెండు కావాలి. రిలే మీద 30, 87, 85, 86 అని అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వైరు వస్తుంది, 87 నుంచి బల్బుకు పోతుంది. 85, 86 లోపలి కాయిల్ కొనలు. బ్యాటరీ నుంచి రిలే వరకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, రిలే నుంచి ఒక్కో లైటుకు 1.5, ఎర్త్‌కు మళ్లీ 2.5 వాడితే చాలు. ఒక్కో రిలేకు 15 ఆంపియర్ల ఫ్యూజు. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. రిలే పక్కన పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు కాపాడే దిక్కు ఉండదు. ప్లాస్టిక్ హోల్డర్ల బదులు సిరామిక్ హోల్డర్లు వేయాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇవన్నీ విడివిడిగా దొరుకుతాయి. రెడీమేడ్ వైరింగ్ కిట్ కొంటే వైరు మందం పైకి కనిపించేదాన్ని బట్టి నమ్మకూడదు. లావుపాటి ఇన్సులేషన్ లోపల నాలుగు పోగుల రాగి ఉన్న కిట్లు బజారులో ఉన్నాయి. ఒక కొన ఒలిచి చూస్తే తెలిసిపోతుంది.

రిలే కాయిల్‌ను నడిపించడానికి బండి పాత హోల్డరునే, ఏదో ఒక పక్కది, వాడుకోవచ్చు. రెండో పక్క హోల్డరును టేపు చుట్టి కట్టేయాలి. కాయిల్ రెండో కొనను బాడీకి ఎర్త్ చేయడం అందరూ చేసే పని. అంతకంటే మంచి పద్ధతి, ఆ కొనను అదే పాత హోల్డరులో డిమ్, బ్రైట్ రెండింటికీ ఉమ్మడిగా ఉండే మూడో పిన్నుకు కలపడం. జపాన్ మూలాలున్న కొన్ని పాత బండ్లలో స్విచ్చి ప్లస్‌ను కాకుండా మైనస్‌ను కలుపుతుంది, విడదీస్తుంది. ఉమ్మడి పిన్నుకు ఎప్పుడూ ప్లస్ ఉంటుంది. సుజుకి వంశపు జిప్సీలో ఇది ముందే చూసుకోవాల్సిన విషయం. డిమ్ వేసి బ్యాటరీ మైనస్‌కూ ఉమ్మడి పిన్నుకూ మధ్య కొలిస్తే సున్నా వస్తే మామూలు వైరింగ్, 12 వస్తే మైనస్ స్విచ్చింగ్. మైనస్ స్విచ్చింగ్ బండిలో మామూలు హెచ్4 ఎల్ఈడీని నేరుగా గుచ్చితే అసలు వెలగకపోవచ్చు, లేదా డిమ్, బ్రైట్ తారుమారు కావచ్చు. ‘బల్బు పాడైంది’ అని వెనక్కి పంపిన జతల్లో కొన్నింటి కథ ఇదే. కాయిల్‌ను ఉమ్మడి పిన్నుకు కలిపిన రిలే కిట్ వేస్తే ఆ గొడవే ఉండదు, బల్బుకు ఎప్పుడూ సవ్యమైన ప్లస్సే అందుతుంది.

రిలే లేకుండా 100/90 వాట్ల బల్బు వేయడం మన రోడ్ల మీద పాత అలవాటు. డిమ్‌లోనే రెండు బల్బులకు 180 వాట్లు, అంటే 15 ఆంపియర్లు. కంపెనీ స్విచ్చి దాని కోసం పుట్టలేదు. హోల్డరు కరగడం, రిఫ్లెక్టరు వెండి పూత మసకబారడం దాని ఫలితాలే.

ఎల్ఈడీ బల్బు లోపల డ్రైవర్ సర్క్యూట్ ఉంటుంది. బయట 11 వోల్టులున్నా 14 ఉన్నా అది చిప్‌లకు ఒకే కరెంటు పంపుతుంది. అందుకే అరకొర వైరింగు మీద కూడా ఎల్ఈడీ నిండుగా వెలుగుతుంది, పోలికలో హాలోజన్ ఓడిపోతుంది. పోలిక న్యాయంగా ఉండాలంటే రిలే వేసిన హాలోజన్‌తో పోల్చాలి. అలా పోల్చాక చాలామందికి ఎల్ఈడీ అవసరమే కనిపించదు.

ఒక మిల్లీమీటరు

రిఫ్లెక్టర్ అనేది ఒక నిర్దిష్టమైన చోట, నిర్దిష్టమైన పొడవున్న ఫిలమెంటు కోసం చెక్కిన అద్దం. హెచ్4 ఫిలమెంటు అటూ ఇటూ 5 మిల్లీమీటర్ల పొడవు, సన్నటి తీగ చుట్ట. చుట్టూ 360 డిగ్రీలా వెలుగు చిమ్ముతుంది. ఎల్ఈడీలో చదునైన పలకకు రెండు వైపులా చిప్‌లు ఉంటాయి. పలక మందం, చిప్ వెడల్పు కలిపితే వెలుగు పుట్టే చోటు ఫిలమెంటు ఉండాల్సిన గీత నుంచి పక్కకు జరుగుతుంది.

జరిగితే ఏమవుతుంది? ఫోకస్ దూరం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. వెలుగు పుట్టే చోటు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే కిరణం ఇరవై ఐదో వంతు వంకర తిరుగుతుంది. పది మీటర్ల దూరంలోని గోడ మీద అది 40 సెంటీమీటర్లు. డిమ్ లైటు ఆ గోడ మీద దిగాల్సింది 10 సెంటీమీటర్లే. ఒక మిల్లీమీటరు తప్పుతోనే ఎదుటివాడి కళ్లలో ఎందుకు పడుతుందో ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

హెచ్4లో ఇంకో చిక్కు కూడా ఉంది. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందికి పోయే వెలుగును అది ఆపేస్తుంది, కాబట్టి డిమ్‌లో రిఫ్లెక్టర్ పై సగమే పనిచేస్తుంది. గోడ మీద కింది వెలుగునూ పై చీకటినీ విడదీసే కట్-ఆఫ్ గీత ఆ దొప్ప గీసిందే. మంచి ఎల్ఈడీ బల్బులో డిమ్ చిప్‌ల కింద అదే పొడవు, అదే చోట అలాంటి దొప్ప ఉంటుంది. చౌకరకాల్లో అది ఉండదు, లేదా అలంకారానికి ఉన్నట్టుంటుంది.

కొనేటప్పుడు ల్యూమెన్ల అంకెను పక్కన పెట్టి వెర్నియర్ కాలిపర్ పట్టుకోవడం మేలు. పాత హాలోజన్‌నూ, కొత్త ఎల్ఈడీనీ పక్కపక్కన పెట్టి, కాలర్ (బల్బును హెడ్‌లైటులో కూర్చోబెట్టే లోహపు వలయం) కూర్చునే తలం నుంచి డిమ్ ఫిలమెంటు మధ్య వరకూ, అలాగే డిమ్ చిప్‌ల మధ్య వరకూ కొలవాలి. తేడా అర మిల్లీమీటరు దాటితే ఆ బల్బు ఎంత మెరిసినా పనికిరాదు. చిప్‌లున్న పలక ఎంత పలుచగా ఉంటే అంత మంచిది. మూడు నాలుగు వైపులా చిప్‌లు ఉన్న బల్బులు, మొక్కజొన్న పొత్తులా ఉండేవి, హెడ్‌లైటుకు ఎందుకూ కొరగావు.

పెట్టె మీది ‘200 వాట్లు, 20,000 ల్యూమెన్లు’ అన్న మాట తేల్చడానికి ఆంపియర్ మీటరు చాలు. బల్బు 13.5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకుంటే అది 27 వాట్ల బల్బు. వాటుకు వంద నూట ఇరవై ల్యూమెన్లు వేసుకున్నా మూడు వేల దగ్గర ఆగుతుంది. పైగా అది స్విచ్చి వేసిన క్షణంలోది. వేడెక్కాక డ్రైవర్ కరెంటు తగ్గించుకుంటుంది. ఫోనులో వెలుగు కొలిచే లక్స్ యాప్ వేసుకుని, గోడ మీద ఒకే చోట పెట్టి, వేసిన వెంటనే ఒకసారి, ఇరవై నిమిషాల తర్వాత మరోసారి కొలిస్తే ఆ బల్బు నిజాయితీ ఏపాటిదో తెలుస్తుంది.

రంగు విషయం క్లుప్తంగా: హాలోజన్ సుమారు 3200 కెల్విన్ (ఈ అంకె పెరిగేకొద్దీ పసుపు తగ్గి నీలం ఎక్కువవుతుంది). బజారులో ఎక్కువగా దొరికే ఎల్ఈడీలు 6000 నుంచి 6500. లంబసింగి పొగమంచులో, వాన తడిసిన తారు మీద, ముందు బండి లేపిన ఎర్రమట్టి దుమ్ములో ఆ నీలి తెలుపు కంటిని త్వరగా అలసటకు గురిచేస్తుంది. 4300 దగ్గరున్నవి దొరికితే వాటినే ఎంచుకోవాలి.

జర్మనీలో 2020లో ఓస్రామ్ కంపెనీ హెచ్7 సైజు ఎల్ఈడీ బల్బుకు రోడ్డు మీద వాడకానికి అనుమతి సాధించింది. కానీ ఆ అనుమతి బల్బుకు మొత్తంగా ఇచ్చింది కాదు. ఏ కారు, ఏ హెడ్‌లైటులో పరీక్షించి నెగ్గిందో ఆ జాబితాకే పరిమితం. ఒకే బల్బు ఒక రిఫ్లెక్టరులో కుదిరి మరోదాంట్లో కుదరదని తయారీదారే ఒప్పుకున్నట్టు. ‘అన్ని బండ్లకూ సరిపోతుంది’ అన్న పెట్టె మీది రాతను దీని పక్కన పెట్టి చదువుకోవాలి.

బిగించే పని

కావాల్సినవి కొంచెమే: 10 నంబరు పానా, స్టార్ స్క్రూడ్రైవరు, మల్టీమీటరు, మెత్తటి గుడ్డ, మాస్కింగ్ టేపు, వైర్లు కట్టే కేబుల్ టైలు. ముందుగా బ్యాటరీ మైనస్ లగ్గు విప్పాలి.

గుండ్రటి లైటుకు పైన బెజెల్ (చుట్టూ ఉండే చట్రం) తీస్తే లోపల లైటును పట్టుకుని ఉండే రింగు కనిపిస్తుంది. ఆ రింగు చిన్న స్క్రూలను మాత్రమే విప్పాలి. స్ప్రింగులతో, పొడవుగా ఉండే మరో రెండు స్క్రూలు ఉంటాయి. అవి లైటును పైకీ కిందికీ, పక్కలకీ తిప్పేవి. తెలియక వాటిని విప్పితే లైటు ఊడిరాదు సరికదా, సెట్టింగు మొత్తం చెడుతుంది.

లైటు చేతిలోకి వచ్చాక హోల్డరు లాగి, రబ్బరు మూత తీసి, తీగ క్లిప్పు తప్పిస్తే బల్బు వస్తుంది. పాత బల్బు గాజును వేళ్లతో ముట్టుకోకుండా దాచాలి. వేలి జిడ్డు అంటిన చోట గాజు అతిగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. ఎల్ఈడీ కాలర్ విడిగా వచ్చే రకమైతే ముందు కాలర్‌ను దాని మూడు చెవులు సరిగ్గా కూర్చునేలా పెట్టి క్లిప్పు వేయాలి. తర్వాత రబ్బరు మూత, ఆ తర్వాత బల్బును దూర్చి తిప్పి బిగించాలి. బిగించాక చిప్‌లు గడియారంలో 3, 9 అంకెల వైపు చూడాలి. పైకీ కిందికీ చూస్తే రిఫ్లెక్టర్ రెండు పక్కలూ వెలుగు అందక ఖాళీ అవుతాయి. దొప్ప కింది వైపు ఉండాలి. కొన్ని బల్బుల్లో కాలర్ దగ్గర చిన్న స్క్రూ వదులు చేసి రెండు మూడు డిగ్రీలు అటూ ఇటూ తిప్పే వీలుంటుంది. గోడ మీద కట్-ఆఫ్ చూస్తూ దాన్ని సరిచేయాలి.

ఆఫ్-రోడ్ బండికి అసలు తలనొప్పి రబ్బరు మూత. ఎల్ఈడీ తోక పెద్దది, చివర ఫ్యాను. మూత వేస్తే ఫ్యాను ఊపిరాడక బల్బు వేడెక్కుతుంది. మూత వదిలేస్తే వాగు దాటినప్పుడు నీళ్లు, మట్టిదారిలో దుమ్ము రిఫ్లెక్టర్ మీదికి చేరతాయి. ఒకసారి రిఫ్లెక్టర్ మీద దుమ్ము పేరుకుంటే తుడవడం కుదరదు, పూత ఊడిపోతుంది. బల్బు మెడను రబ్బరు మూత బిగువుగా పట్టుకుని, వేడిని చిమ్మే భాగం బయట ఉండేలా కుదిరే బల్బే ఇలాంటి బండికి పనికొస్తుంది. ఫ్యాను లేకుండా రాగి అల్లిక పట్టీలతో వేడి చల్లార్చేవి కొంచెం మందకొడి అయినా బురద నీళ్లకు నిలుస్తాయి. ఫ్యాను రెక్కల్లో ఎర్రమట్టి చేరి గట్టిపడితే బల్బు చచ్చేది చిప్ కాలి కాదు, ఫ్యాను ఆగి.

మరో మాట. హాలోజన్ వేడి ముందుకు వస్తుంది, గ్లాసు లోపల చేరిన తేమను ఆరబెడుతుంది. ఎల్ఈడీ వేడి వెనక్కి పోతుంది. కాబట్టి ఇదివరకు కనిపించని ఆవిరి ఎల్ఈడీ వేశాక గ్లాసు లోపల కనిపిస్తే, అది బల్బు తెచ్చిన జబ్బు కాదు. అంతకుముందే ఉన్న లీకు.

గోడ ముందు అరగంట

ఈ పని చేయకపోతే పైన చేసినదంతా వృథా. టైర్లలో గాలి సరిచూసి, బండి ఎప్పుడూ మోసే సామాను ఉంచి, డ్రైవరు సీటులో ఒకరిని కూర్చోబెట్టి, చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిలపాలి. నేల నుంచి లైటు మధ్య వరకు ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తున టేపు అంటించాలి. దానికి 10 సెంటీమీటర్ల కింద మరో టేపు. డిమ్ వేస్తే కట్-ఆఫ్ గీత రెండో టేపు మీద కూర్చోవాలి. అంత స్థలం లేకపోతే 5 మీటర్లు, 5 సెంటీమీటర్లు. లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు వేసి లైటు ఎత్తు మీటరు దాటిన బండికి 15 సెంటీమీటర్లు దించడం మంచిది. మీటరు ఎత్తున్న లైటు ఒక శాతం దిగితే 100 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది, ఒకటిన్నర శాతం దిగితే 67 మీటర్ల దగ్గర. ఒక లైటును గుడ్డతో కప్పి ఒక్కొక్కటిగా సెట్ చేయాలి.

మనది ఎడమవైపు నడక. డిమ్ కట్-ఆఫ్ గీత కుడివైపు చదునుగా ఉండి, ఎడమవైపు కొద్దిగా పైకి లేవాలి. ఎడమ అంచున నడిచే మనిషి, ఆవు కనిపించేది ఆ లేచిన ముక్కలోనే. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో ఏడు అంగుళాల ఎల్ఈడీ లైట్లు తెప్పించుకునేవారు ఇక్కడే దెబ్బతింటారు. అక్కడి లైట్లు కుడివైపు నడిచే రోడ్ల కోసం చేసినవి, వెలుగు కుడి పక్కకు ఎక్కువ పోతుంది. ఇక్కడ ఆ కుడి పక్కనే ఎదురు బండ్లు వస్తాయి. ఎంత దించినా ఇది సరికాదు.

బల్బు కాకుండా పూర్తి ఎల్ఈడీ లైటే వేయాలనుకునేవారు గ్లాసు మీది ముద్రలు చదవాలి. యూరప్ అనుమతి ఉన్నవాటికి వృత్తంలో ‘ఇ’ అక్షరం, పక్కన అంకె ఉంటాయి. ఎడమవైపు నడిచే దేశాల లైటుకు, ఎదురుగా నిలబడి చూసేవారికి కుడివైపు చూపే బాణం గుర్తు ఉంటుంది. బాణమే లేకపోతే అది కుడివైపు నడిచే దేశాలది. పాత గ్లాసు మీద ‘హెచ్‌సీఆర్’ అని ఉంటే హాలోజన్‌తో డిమ్, బ్రైట్ రెండింటికీ పరీక్షించినదని అర్థం. అందులో ఎల్ఈడీ పెట్టాక ఆ ముద్రకు విలువ లేదు. ఖర్చు ఎక్కువైనా, సవ్యమైన బాణం గుర్తున్న పూర్తి లైటు, రిఫ్లెక్టరుతో సరిపడని బల్బుకన్నా ప్రతిసారీ నయం.

మిగతా బల్బులు

నిజానికి ఎల్ఈడీ ఇబ్బంది లేకుండా లాభం ఇచ్చేది ఇక్కడే. లోపలి లైటు, నంబరు ప్లేటు లైటు గుచ్చుడు రకాలు. వెలగకపోతే తిప్పి గుచ్చితే చాలు. బ్రేకు లైటు ఫిలమెంటు వేడెక్కడానికి సుమారు 0.2 సెకను పడుతుంది, ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెనక వచ్చే బండికి అది నాలుగు మీటర్ల పైచిలుకు. అయితే చౌక బల్బుల్లో టెయిల్ వెలుగుకూ బ్రేకు వెలుగుకూ తేడా తక్కువ. బ్రేకు పడిందో లేదో వెనకవాడికి తెలియకపోతే ఆ బల్బు వద్దు. ఎర్ర గ్లాసు వెనక ఎర్ర ఎల్ఈడీయే వేయాలి. తెల్లది వేస్తే వెలిసిన గులాబీ రంగు వస్తుంది.

ఇండికేటర్లు ఎల్ఈడీకి మార్చగానే టకటకమని రెట్టింపు వేగంతో కొట్టుకుంటాయి. ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ఫ్లాషర్, 21 వాట్ల బల్బు కాలిపోయిందని అనుకోవడమే కారణం. కొందరు 6 ఓముల, 50 వాట్ల రెసిస్టర్ తగిలిస్తారు. అది వెలిగినప్పుడల్లా 30 వాట్ల దాకా వేడి కక్కుతుంది, ప్లాస్టిక్‌కు ఆనితే కరిగిస్తుంది. లోడుతో సంబంధం లేకుండా నడిచే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయడం సరైన దారి. డాష్‌బోర్డులో రెండు పక్కలకూ కలిపి ఒకే ఇండికేటర్ దీపం ఉన్న పాత జీపుల్లో మాత్రం ఇంకో వింత జరుగుతుంది. ఆ దీపం గుండా కరెంటు రెండో పక్కకు పాకి నాలుగు ఇండికేటర్లూ వెలుగుతాయి. అక్కడ రెండు డయోడ్లు వేసి దీపం రెండో కొనను ఎర్త్ చేయాలి.

ముట్టుకోకూడనిది ఒకటుంది: డాష్‌బోర్డులో ఎర్రగా వెలిగే బ్యాటరీ గుర్తు దీపం. పాత బండ్లలో ఆల్టర్నేటర్‌కు మొదటి ప్రేరణ కరెంటు ఆ చిన్న బల్బు గుండానే వెళ్తుంది. దాన్ని ఎల్ఈడీకి మారిస్తే ఆ కరెంటు చాలక ఛార్జింగే మొదలుకాకపోవచ్చు. రెండు రోజుల తర్వాత సెల్ఫ్ తిరగనప్పుడు బ్యాటరీని తిట్టుకుంటారు.

ఎల్ఈడీ వేశాక ఎఫ్ఎం రేడియోలో గరగర మొదలైతే దోషం డ్రైవర్ సర్క్యూట్‌ది. దాని వైరు మీద ఫెర్రైట్ రింగు బిగిస్తే చాలావరకు తగ్గుతుంది. హెడ్‌లైటు గుంతల్లో మాత్రమే మినుకుమినుకుమంటే హోల్డరు పిన్ను వదులు. ఇంజిన్ రేస్‌తో పాటు మారితే ఎర్త్ చూడాలి.

దారి లేని చోట దారి చూడటం

అడవి బాటలో, ఇసుకలో దూరం చూడాలంటే బల్బును వేధించడంకన్నా విడిగా లైట్లు వేయడమే అర్థవంతం. నిజంగా 120 వాట్లు తీసుకునే ఎల్ఈడీ బార్ 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు లాగుతుంది. విడి రిలే, 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 వైరు సరిపోతాయి. రిలే ట్రిగ్గర్‌ను బ్రైట్ వైరు నుంచి తీసుకుంటే డిమ్ వేయగానే బార్ దానంతటదే ఆరుతుంది. పైకప్పు మీద బిగిస్తే ఫొటోలకు బాగుంటుంది, బానెట్ మీద పడ్డ వెలుగు మాత్రం తిరిగి డ్రైవరు కళ్లలోకే వస్తుంది. బంపరు మీద పెట్టడం మేలు. వరసగా వెళ్లే బండ్ల దుమ్ములో బార్ వేస్తే ముందు తెల్లటి గోడ లేస్తుంది. అక్కడ పనికొచ్చేవి డిమ్, కింద బిగించిన పసుపు ఫాగ్ లైట్లు.

రోడ్డు ఎక్కాక సంగతి వేరు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 111వ నియమం ముందు భాగంలో స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లను రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి లేకుండా పెట్టడాన్ని నిషేధిస్తుంది. 1988 చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన దానికి భిన్నంగా బండిని మార్చడాన్ని అడ్డుకుంటుంది. బార్ మీద తొడుగు వేసినా అది అనుమతి అయిపోదు. బోల్టులు విప్పి ఇంట్లో పెట్టి, దారి కాని దారిలోకి వెళ్లేటప్పుడే బిగించుకునేలా ముందుకు ఒక కప్లర్ వదిలిపెట్టుకోవడం తెలివైన ఏర్పాటు. కప్లర్ నోట్లో సిలికాన్ గ్రీజు పెట్టి మూత బిగిస్తే వానాకాలం గడిచినా పచ్చ తుప్పు పట్టదు.

తీసేసిన రెండు హాలోజన్ బల్బుల్ని పారేయకుండా గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెట్టాలి, ఒక స్టార్ స్క్రూడ్రైవరుతో పాటు. ఎల్ఈడీ డ్రైవర్ పోతే చిప్‌లన్నీ ఒకేసారి ఆరిపోతాయి, డిమ్ బ్రైట్ రెండూ ఉండవు. రిలే వైరింగు, సిరామిక్ హోల్డర్లు వేసి ఉంటే పాత బల్బు అదే చోట పది నిమిషాల్లో కూర్చుంటుంది, లైటు సెట్టింగు కూడా పెద్దగా మారదు.